కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులు

మంచి పుస్తకమును చదివి యానందించువారు లోకమున అనేకులు కలరు. తాము చదివినదానిని తోడివారును చదువవలెనని కోరి, దాని పేరు చెప్పువారు కొందరు. కాని తోడివారికి ఆ పుస్తకముయొక్క భాష రానప్పుడు, అందలి విషయమును వారి భాషలోనికి తెచ్చి యిచ్చుటకై జీవితమును ధారపోయువారు మిక్కిలి అరుదు. అట్టి అరుదైన మహనీయులలో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు ఒకరు.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరమున కృష్ణాజిల్లాలోని పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించిరి. చిన్నతనముననే తండ్రి గతించుటచే, వారు కొంతకాలమునకు అక్కగారైన బండారు అచ్చమాంబగారి యింటికి నాగపురము చేరి, అచట విద్య నభ్యసించిరి. ఆ ప్రాంతపు భాషయైన మహారాష్ట్రము వారికి మాతృభాషవలె అలవడెను. సంస్కృతము, ఇంగ్లీషు, హిందీ మొదలగు భాషలయందును వారు ప్రవీణులైరి. క్రమముగా ఎం. ఏ. పట్టమును పొందిరి.

ఆ కాలమున ఆడపిల్లలకు చదువు చెప్పించువారు అరుదు. అచ్చమాంబగారికిని బాల్యమున చదువు లేదు. తమ్ముడు తాను నేర్చినదానిని అక్కకు నేర్పెను. తాను చదివిన పుస్తకములను ఆమెచే చదివించెను. ఆమె తమ్మునికి తగిన శిష్యురాలయ్యెను. పెక్కు గ్రంథములు పరిశీలించి, ఉత్తమ స్త్రీల చరిత్రలను సేకరించి, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అను గ్రంథమును రచించెను. తెలుగున తొలి కథలను వ్రాసినవారిలోను ఆమె యొకతె. 1905లో ఆమె చిన్నవయసుననే మరణించెను. ఒక్కరికి పుస్తకముల నందించిన మాత్రమున ఎంత ఫలము కలుగునో లక్ష్మణరావుగారు తమ యింటనే చూచిరి.

విద్య ముగిసిన పిమ్మట వారు మునగాల సంస్థానమున దివానుగా నియుక్తులైరి. ఆ సంస్థానము కృష్ణాజిల్లాకు చెందినదయ్యును, చుట్టును నైజాము రాజ్యముచే ఆవరింపబడియుండెను. ఆ రాజ్యమున తెలుగువారు లక్షలకొలది నివసించుచున్నను, రాజకార్యములయందును పాఠశాలలయందును వారి భాషకు తగిన స్థానము లేకుండెను. తెలుగు పుస్తకము కావలెనన్న చూపించువారే లేరు. ఈ లోపమును తీర్చుటకై లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు బహద్దరుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగువారు కలిసి 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను.

గ్రంథాలయములు వెలసినవి, కాని వాని బీరువాలను నింపుటకు తగిన పుస్తకములేవి? కావ్యములును పురాణములును తెలుగున సమృద్ధిగా నుండెను. దేశచరిత్ర, జీవశాస్త్రము, రసాయనశాస్త్రము మొదలగు విషయములు తెలిసికొనగోరువానికి మాత్రము ఇంగ్లీషే శరణ్యము. ఇంగ్లీషు రాని రైతునకు, వర్తకునకు, గృహిణికి ఆ జ్ఞానద్వారము మూయబడియుండెను. ఆ ద్వారమును తెరచుటకే 1906లో విజ్ఞానచంద్రికా మండలి హైదరాబాదున స్థాపింపబడెను. కొలది కాలమునకు అది మద్రాసునకు తరలెను.

మండలి ప్రకటించిన మొదటి గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. పేదకుటీరమున పుట్టి దేశాధ్యక్షుడైన లింకను కథ తెలుగువారి చేతికి అట్లు వచ్చెను. పిమ్మట ఆచంట లక్ష్మీపతిగారి 'జీవశాస్త్రము', చిలుకూరి వీరభద్రరావుగారి 'ఆంధ్రుల చరిత్రము' వెలువడెను. లక్ష్మణరావుగారు స్వయముగా 'శివాజీ చరిత్రము', 'హిందూ మహాయుగము', 'మహమ్మదీయ మహాయుగము' రచించిరి. శాస్త్రములను మాత్రమే ఇచ్చిన పాఠకులు దగ్గరకు రారని ఎరిగి, మండలివారు నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చిరి. వేలాల సుబ్బారావుగారి 'రాణీ సంయుక్త' వంటి చారిత్రక నవలలు ఆ మండలి ప్రచురించినవే. కథకొఱకు చేరినవాడు చరిత్రను చదువసాగెను. చరిత్ర చదివినవాడు శాస్త్రమును కోరసాగెను.

లక్ష్మణరావుగారు ఇంతటితో తృప్తి చెందలేదు. సకల విషయములును ఒక్కచోట దొరకునట్లు, ఇంగ్లీషున నున్నవాని తీరున, తెలుగున ఒక విజ్ఞానసర్వస్వమును నిర్మింప పూనుకొనిరి. వ్రాయగల పండితులు కొలదిమంది, శాస్త్రవిషయములను చెప్పుటకు తగిన మాటలు తెలుగున ఇంకను ఏర్పడలేదు, ధనమును చాలదు. అయినను వారు వెనుదీయలేదు. పెక్కు వ్యాసములను తామే వ్రాసిరి. ఇతరులచే వ్రాయించి దిద్దిరి. మూడు సంపుటములు వెలువడెను. కాని అవి వర్ణమాలలోని తొలి అక్షరములను దాటలేదు. ఆరోగ్యము క్షీణించుచున్నను వారు కలము విడువరైరి. ఆ మహాకార్యము అసంపూర్ణముగ నుండగనే, 1923 జూలైలో, నలుబదియారేండ్ల ప్రాయమున, మద్రాసునందు వారు పరమపదించిరి.

వారు మొదలిడిన పని వారితో ఆగలేదు. 1930 తరువాతి సంవత్సరములలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ విజ్ఞానసర్వస్వమును మరల చేపట్టిరి. స్వాతంత్ర్యానంతరము తెలుగు భాషాసమితి అట్టి సంపుటములను పెక్కింటిని ప్రకటించెను. అక్కకు చదువు నేర్పుటతో ఆరంభమైన లక్ష్మణరావుగారి కృషి ఆంధ్రదేశమంతటికిని విద్యాదానమై పరిణమించెను. తాను చదివి తెలిసికొన్నదానిని తనయొద్దనే దాచుకొనక తోడివారికి అందించుటయే విద్యావంతుని ధర్మమని వారి జీవితము మనకు బోధించుచున్నది.