రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు

కృష్ణకు ఆవలి యొడ్డున బెజవాడలో 1917లో జరిగిన సభలో, అంతవరకు పంచములనబడినవారు, తామే ఈ నేలకు తొలివారమని చాటి ఆది ఆంధ్రులను పేరు స్వీకరించిరి. ఆ పేరు రాకమునుపే వారి బిడ్డలను చదువునకు చేరదీసినవారు శ్రీ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు.

వీరు 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఎం.ఏ. చదివి, బ్రహ్మసమాజమున చేరి, అధ్యాపకులైరి. యౌవనముననే భార్య గతింపగా మరల వివాహమాడలేదు.

కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలకు 1919 వరకు ప్రిన్సిపాలుగా నుండిరి. ఆ కాలమున ఆది ఆంధ్ర బాలుడు పరీక్ష నెగ్గినను, రుసుము కట్టగలిగినను, పట్టణమున అతనికి అన్నము పెట్టు పూటకూళ్ళ యిల్లు గాని, అద్దెకు గది గాని దొరకుట దుర్లభము. ప్రత్తి, మిరప చేలలో కూలి చేయు గుంటూరు సీమ కుటుంబములకును ఎరుకైన చిక్కే యిది. నాయుడుగారు తమ జీతములో అధికభాగమును బీద విద్యార్థుల రుసుములకు, పుస్తకములకు, భోజనములకు వ్యయించిరి. దిక్కులేని పిల్లలను తమ యింటనే పెంచిరి. వారి ప్రోద్బలమున పిఠాపురము మహారాజా శ్రీ రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహద్దరువారు కాకినాడలో అనాథ శరణాలయమును, ఆది ఆంధ్ర విద్యార్థులకు ఉచిత వసతి గృహమును నెలకొల్పిరి. సంస్థానపు ధనము పెద్దదే. కాని నెలజీతగాని సొమ్మే ముందు నడచినది.

1924లో సర్ బిరుదు వచ్చినది. 1925 నుండి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నుండిరి. తెల్లని దుస్తులు, తెల్లని తలపాగా మాత్రము మారలేదు. 1939 మే 26వ తేదీన కన్నుమూసిరి.