మన రిపీటర్లకు ఆద్యుడు హెరాల్డ్ బ్లాక్

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాసివ్వమని మన కార్యదర్శిగారు అడిగారు. టెలిఫోన్ శాఖలో పనిచేసినవాళ్ళం కనుక గ్రాహంబెల్ గురించి ఎవరో ఒకరు రాస్తారు. నేను హెరాల్డ్ బ్లాక్‌ను ఎంచుకున్నాను. ట్రాన్స్‌మిషన్ విభాగంలో పనిచేసిన మిత్రులు శిక్షణ రోజుల్లో ఈ పేరు వినే ఉంటారు. ఇన్నేళ్ళకు ఆయన మళ్ళీ గుర్తుకు రావడానికి మా ఇంట్లో జరిగిన ఒక చిన్న వాదన కారణం.

మా మనవడికి సంగీతం అంటే పిచ్చి. ఉద్యోగంలో చేరాక 300 ఓముల హెడ్‌ఫోన్ ఒకటి, దాన్ని నడిపే యాంప్లిఫయర్లు రెండు కొన్నాడు. ఒకటి వాల్వులది, రెండోది ట్రాన్సిస్టర్లది. వాటి ధర విని మా ఆవిడ ఆ పూటంతా వాడితో మాట్లాడలేదు. ఒకే వయొలిన్ కచేరీని రెండింటిలోనూ మార్చి మార్చి నాకు వినిపించాడు. వాల్వులదానిలో నాదం నిండుగా, మెత్తగా ఉంది. ట్రాన్సిస్టర్లదానిలో ప్రతి వాద్యం విడివిడిగా, తేటగా వినబడింది. వాల్వులదే అసలైన సంగీతమని వాడన్నాడు. లోపలికి ఏది వెళ్ళిందో బయటికి అదే రావాలి, తక్కినదంతా దోషమే అని నేనన్నాను. సర్వీసంతా లైన్ల మీద డిస్టార్షన్‌తో పోరాడినవాణ్ణి, ఇంకోమాట ఎలా అంటాను? అప్పుడు వాడికి బ్లాక్ కథ చెప్పాను.

హెరాల్డ్ స్టీఫెన్ బ్లాక్ 1898 ఏప్రిల్ 14న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో లెమిన్‌స్టర్ అనే ఊళ్ళో పుట్టాడు. వూస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, 1921లో న్యూయార్క్‌లోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో చేరాడు. ఆ కంపెనీ పరిశోధనా విభాగమే 1925లో బెల్ లేబొరేటరీస్ అయింది.

చేరిన కొద్ది నెలలకే ఆయనకు ఒక అవమానం ఎదురైంది. దాదాపు అందరికీ జీతం పెరిగింది, ఆయనకు పెరగలేదు. ఇంక్రిమెంటు తప్పిపోతే మనసు ఎలా ఉంటుందో మన సభ్యులకు వేరే చెప్పక్కర్లేదు. రాజీనామా ఇచ్చేద్దామనుకున్నాడు. రాత్రంతా ఆలోచించి ఆ మాట విరమించుకుని, ఆదివారాలు కూడా ఆఫీసుకు వెళ్ళి పాత ఫైళ్ళు తీసి చదవడం మొదలుపెట్టాడు. కంపెనీ ఏయే చిక్కుల్లో ఉందో, వాటిలో ఏది పెద్దదో ఆ ఫైళ్ళే ఆయనకు చెప్పాయి.

ఆ పెద్ద చిక్కు దూరానిది. న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు టెలిఫోన్ లైను 1915లోనే మొదలైంది. దారి పొడుగునా మాట సన్నగిల్లిపోతుంది గనుక మధ్యమధ్య వాల్వు రిపీటర్లు పెట్టి బలం పుంజుకునేలా చేసేవారు. కాని వాల్వు మాటతోపాటు తన వంకర కూడా కొంత కలిపి పంపుతుంది. ఒక్క రిపీటర్ అయితే తెలియదు, పదులు వందలు వరసగా పెడితే వంకర మీద వంకర చేరుతుంది. ఒకే లైను మీద అనేక సంభాషణలు పంపితే ఒకరి మాట ఇంకొకరి ఛానెల్లో పడుతుంది. మంచి వాల్వు తయారుచేయడమే దీనికి మందు అని అందరూ అనుకున్నారు, బ్లాక్ కూడా మొదట ఆ దారినే పట్టాడు.

1923 మార్చిలో స్టయిన్‌మెట్జ్ అనే ప్రఖ్యాత విద్యుత్ శాస్త్రజ్ఞుని ఉపన్యాసం విన్నాడు. ఏ సమస్యనైనా మూలం దాకా వెళ్ళి పట్టుకునే ఆయన పద్ధతి బ్లాక్‌ను కదిలించింది. ఆ రాత్రే తన ప్రశ్నను తిరగేసుకున్నాడు. వాల్వులో దోషం ఉంటుంది, ఉండనీ. బయటికి వచ్చినదాన్నీ లోపలికి వెళ్ళినదాన్నీ పోల్చి, తేడాను విడదీసి, దాన్ని మరో యాంప్లిఫయర్‌తో పెంచి చివర్లో తీసివేస్తే సరిపోతుంది కదా అని ఆలోచించాడు. ఇదే ఫీడ్‌ఫార్వర్డ్ పద్ధతి. పనిచేసింది గాని నిలకడ లేదు. గంటగంటకూ ఎవరో ఒకరు ఫిలమెంటు కరెంటు సరిచేయాలి, ఆరు గంటలకొకసారి బ్యాటరీ వోల్టేజి చూడాలి. రాత్రి షిఫ్టులు చేసినవారికి ఆ బాధ తెలుసు. దానికి 1928లో పేటెంటు వచ్చింది, వాడకంలోకి మాత్రం రాలేదు.

1927 ఆగస్టు 2, మంగళవారం ఉదయం. బ్లాక్ రోజూలాగే న్యూజెర్సీ నుంచి ఫెర్రీలో హడ్సన్ నది దాటి ఆఫీసుకు వెళుతున్నాడు. నది మధ్యలో ఉండగా ఒక ఆలోచన తట్టింది. బయటికి వచ్చినదానిలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి, లోపలికి వచ్చేదానికి ఎదురుగా కలపడమే ఆ ఆలోచన. మన గాయకులు పాడుతూ తమ గొంతును తామే వింటూ, శ్రుతితో పోల్చుకుని సరిదిద్దుకోవడం వంటిదే ఇది. ఇందువల్ల గెయిన్ చాలా తగ్గిపోతుంది, దానికి బదులు దోషమూ అదే పాళ్ళలో తగ్గుతుంది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఖాళీ చోట బొమ్మా సమీకరణాలూ గీసి సంతకం చేశాడు. ఆఫీసుకు చేరగానే సహోద్యోగి చేత సాక్షి సంతకం పెట్టించాడు. ఆ డిసెంబరు 29న 4 నుంచి 45 కిలోహెర్ట్జ్ మధ్య పరీక్షిస్తే డిస్టార్షన్ లక్షో వంతుకు, అంటే 50 డి.బి., తగ్గింది.

అయినా నమ్మినవారు తక్కువ. వెనక్కి కలిపితే లైను కూతపెడుతుందని, అంటే మనం సింగింగ్ అనేది వస్తుందని, అందరి భయం. 1928 ఆగస్టులో పెట్టిన పేటెంటు దరఖాస్తు 1937 డిసెంబరు 21 దాకా తేలలేదు. బ్రిటిష్ పేటెంటు కార్యాలయం దాన్ని అంతులేకుండా తిరిగే యంత్రాల దరఖాస్తుల సరసన పెట్టింది. ఈలోగా, కూత ఎప్పుడు వస్తుందో ఎప్పుడు రాదో నైక్విస్ట్ 1932లో లెక్కకట్టి చూపాడు. క్రమంగా దూరప్రాంత టెలిఫోను అంతా ఆ పద్ధతి మీదే నిలిచింది. మన కోయాక్సియల్ రిపీటర్లు కూడా ఆ వంశంలోవే.

బ్లాక్ 1963లో బెల్ లేబొరేటరీస్ నుంచి రిటైరయ్యాడు. 1981లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ సభలో ఆయనకు స్థానమిచ్చారు. 1983 డిసెంబరు 11న, 85వ ఏట కన్నుమూశాడు.

కథ విని మా మనవడు ఇంతకీ ఈ రెండు పెట్టెల తేడా ఏమిటని అడిగాడు. ఆ ట్రాన్సిస్టర్ల యాంప్లిఫయర్‌లో ఫీడ్‌బ్యాక్ దండిగా ఉంది, అందువల్ల దాని ఔట్‌పుట్ ఇంపిడెన్స్ దాదాపు సున్నా. వాల్వులదానిలో ఫీడ్‌బ్యాక్ తక్కువ, ఇంపిడెన్స్ 100 ఓముల దరిదాపుల్లో ఉంది. వాడి హెడ్‌ఫోన్ 300 ఓములదే అయినా మంద్రంలో ఒకచోట 500 దాకా పోతుంది. అక్కడ వాల్వుల యాంప్లిఫయర్ ధ్వని ఒక డి.బి.కి కాస్త తక్కువగా పైకి లేస్తుంది. నిండుదనంలో ఒక పాలు అదే. దానిమీద వాల్వు చేర్చే పై స్థాయి స్వరం కొంత, మూలస్వరంలో కలిసిపోయి తీపిగా తోస్తుంది.

ఇక్కడ వాడే నాకు ఒక సంగతి చెప్పాడు. బెంచ్‌మార్క్ కంపెనీవారి హెచ్.పి.ఎ.4 వంటి ఖరీదైన హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్లలో ఫీడ్‌ఫార్వర్డ్ పద్ధతినే వాడుతున్నారట. గంటగంటకూ సరిచేయాల్సి వచ్చి 1923 నాటి ఆలోచనను బ్లాక్ పక్కన పెట్టాడు. నిలకడైన విడిభాగాలు వచ్చాక అదీ పనికొచ్చింది. ఆ మాట విని నాకు కళ్ళు చెమర్చాయి.

తర్వాత మీటరు పెట్టి రెండింటి లెవెల్ సమానం చేశాం. అప్పటిదాకా వాల్వులది కొంచెం బిగ్గరగా ఉందని అప్పుడు తెలిసింది. బిగ్గరగా ఉన్నది ఎప్పుడూ మేలుగానే తోస్తుంది. సమానం చేశాక తేడా చాలామటుకు పోయింది, మృదంగం ఎడమ మూత నాదం దగ్గర మాత్రం మిగిలింది. ఏది ఏదో చెప్పకుండా నాకు వినిపించి, ఏది బాగుందో చెప్పమన్నాడు. నేను వేలు చూపినది వాల్వులదే. సర్వీసంతా ఏ దోషాన్ని తగ్గించడానికి పాటుపడ్డానో అదే నా చెవికి ఇంపుగా ఉంది! వాడు నవ్వాడు, నేనూ నవ్వాను.

ఓడిపోయానని మాత్రం అనుకోను. మద్రాసులో ఉన్న కొడుకు గొంతు తల్లికి గుర్తుపట్టేలా చేర్చడం మన పని, అక్కడ తీపి కలపడానికి మనకు హక్కు లేదు. ఇంట్లో కూర్చుని వినే పాటలో తీపి కలుపుకోవడం వినేవారి ఇష్టం. ఏది ఉన్నది, ఏది కలిసినది అని తేల్చి చెప్పే కొలబద్ద బ్లాక్ మనకిచ్చాడు. ఇంక్రిమెంటు రాని రోజున ఆయన రాజీనామా ఇచ్చి ఉంటే అది మన దాకా ఎప్పుడు వచ్చేదో! ఆ మహనీయునికి మనందరి తరఫున నమస్సులు.