గణితకవి పావులూరి మల్లన

తెలుగులో శాస్త్రగ్రంథ రచనకు నాంది పలికినవాడు పావులూరి మల్లన. నన్నయ భట్టారకుడు రాజమహేంద్రవరంలో భారతాంధ్రీకరణకు పూనుకొన్న 11వ శతాబ్దానికే చెందినవాడని ప్రసిద్ధి. రాజరాజ నరేంద్రుడు పిఠాపుర ప్రాంతంలోని నవఖండవాడను ఆ ఇంటివారికి అగ్రహారంగా ఇచ్చాడు. ఆ దానం పొందినది కవి కాదనీ, అదే పేరుగల ఆయన తాత అనీ కొందరు పండితులు వాదించారు.

మల్లన అనుసరించిన మూలం మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహం. మహావీరుడు జైనుడు, 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంవాడు. ఆ రాష్ట్రకూటులకు సామంతులైన వేములవాడ చాళుక్యుల ఏలుబడిలో, నేటి కరీంనగర్ జిల్లా కురిక్యాల గుట్టపై జినవల్లభుడు 10వ శతాబ్దంలో తెలుగు కందపద్యాలను చెక్కించాడు. అనగా మల్లన నాటికి తెలుగు పద్యం కొత్తది కాదు. గుణకార భాగహారాలను అందులో ఇమడ్చడమే సాహసం. శివభక్తుడైన మల్లన జైన ప్రసక్తులను శైవానికి మార్చి, మూలాన్ని కుదించి, సొంత లెక్కలనూ చేర్చాడు. లోకం ఆ గ్రంథాన్ని పావులూరి గణితమని పిలుచుకొన్నది.

అంకెల వింతలంటే ఆ గణితజ్ఞులకు మక్కువ. 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు బారులు తీరుతాయి. మహావీరుడు ఇటువంటి లబ్ధాలను కంఠాభరణాలతో పోల్చాడు.

అయితే మల్లన పేరు నిలిపినది చదరంగపు లెక్క. 64 గళ్ళలో మొదటి దానికి ఒకటి, రెండవ దానికి రెండు, మూడవ దానికి నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే మొత్తమెంత? ఆయన పేర ప్రచారంలో ఉన్న చంపకమాల దానిని 18446744073709551615 అని చెబుతుంది. ఏ గడి వరకు కూడినా మొత్తం తరువాతి గడి విలువకంటె ఒకటి తక్కువగా ఉంటుంది: 1, 2, 4 కలిపితే 7, తరువాతిది 8. కనుక 64 రెండ్లను గుణించి ఒకటి తీసివేస్తే ఈ సంఖ్యే వస్తుంది.

తాటాకుపై ఇరవై అంకెలు ఎక్కించే లేఖకుడు ఒక్కటి జారవిడిచినా లెక్క చెడుతుంది. అందుకే పద్యంలో అంకెలకు బదులు భూతసంఖ్యలు నిలిచాయి: గగనం సున్న, శశి ఒకటి, వేదాలు నాలుగు, శరాలు ఐదు. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి ఎడమకు పేర్చుకోవాలి. మాట జారితే గణం తప్పుతుంది. ఛందస్సు తెలిసినవాడు ఇట్టే పట్టుకొంటాడు. మాటకు బదులు అదే కొలత గల మరొక మాట పడితే మాత్రం ఛందస్సు పసిగట్టలేదు. అప్పుడు సంఖ్య గుణాలే సాక్ష్యం చెప్పాలి. దీని అంకెల మొత్తం 87 కనుక 3 నిశ్శేషంగా భాగిస్తుంది. చివర 5 ఉన్నది. 17, 257, 641 కూడా దీనికి భాజకాలే. ఈ 641 ఐరోపాలో ఆయిలర్‌కు 1732లో గాని చిక్కలేదు.

క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బెరూనీ అరబ్బీలో ఇదే చదరంగపు మొత్తాన్ని వ్రాశాడు. తెలుగు పద్యంలోని సంఖ్య దానితో ఇరవై అంకెలలోనూ సరిపోతున్నది.