తీగ లాగిన కమ్మరి

కంసాలి దగ్గర కమ్మచ్చు మీరు చూసే ఉంటారు. ఉక్కు పలక, దానికి వరసగా బెజ్జాలు, ఒకదానికంటే ఒకటి సన్నం. వెండి కమ్మీ కొసను సన్నంచేసి బెజ్జంలో దూర్చి, పట్టకారుతో అవతలికి లాగుతాడు. బెజ్జం మారేకొద్దీ కమ్మీ సన్నబడి పొడవు సాగుతుంది. తీగ తయారీకి మూలసూత్రం ఇంతే. కాని ఇనపతీగను టన్నుల లెక్కన లాగాలంటే ఎలా? అమెరికాలో దీనికి దారి చూపినవారిలో ముఖ్యుడు ఏ డిగ్రీ లేని ఒక కమ్మరి. పేరు ఇకబాడ్ వాష్‌బర్న్.

1798 ఆగస్టు 11న మసాచుసెట్స్ రాష్ట్రంలోని కింగ్‌స్టన్‌లో, కవలల్లో ఒకడుగా పుట్టాడు. పొత్తిళ్లలో ఉండగానే తండ్రి పోయాడు. తొమ్మిదో ఏట గుర్రపు జీను సామాను చేసేవాడి దగ్గర పనికి కుదిరాడు. తర్వాత నూలుమిల్లులో చేరాడు. అక్కడి యంత్రాలను చూసి, ఆ పని నేర్చుకోవాలని మనసుపడ్డాడు. పెద్దలు వద్దన్నారు. అతను నేర్చుకుని బయటికొచ్చేసరికి దేశం మిల్లులతో నిండిపోయి, ఇక కొత్త యంత్రాల అవసరమే ఉండదట! చేసేదిలేక లెస్టర్ గ్రామంలో కమ్మరి కొలిమి దగ్గర చేరాడు.

పని నేర్చాక వూస్టర్ పట్టణం వెళ్లి, ఒక భాగస్వామితో కలిసి ఉన్ని యంత్రాలు తయారుచేశాడు. ఉన్నిని ఏకే కార్డులకు వేలకొద్దీ తీగపళ్లు కావాలి. మంచి తీగ ఇంగ్లండు నుంచి రావలసిందే. ఇక్కడ లాగే తీగ సంగతి చెప్పనక్కర్లేదు. యంత్రపు పట్టకారు కమ్మీని పట్టి ఒక అడుగు లాగుతుంది, వదులుతుంది, వెనక్కొచ్చి మళ్లీ పడుతుంది. పట్టినచోటల్లా తీగమీద పంటిగాటు. రోజంతా చేస్తే ఒక మనిషికి దక్కేది 50 పౌన్లు.

1831 ప్రాంతంలో వాష్‌బర్న్ ఈ పనికి పూనుకున్నాడు. తీగ కొసను తిరిగే డ్రమ్ముకి తగిలిస్తే, అది తిరుగుతూ తీగను తనకు చుట్టుకుంటూ ఆపకుండా లాగుతుంది. గాట్లు లేవు, ఆగడాలు లేవు. డ్రమ్ము అనేది యూరపులో పాతదే. దాన్ని మెరుగుపరచి కర్మాగారానికి పనికొచ్చేలా చేయడమే అతని గొప్ప. రోజుకు 50 పౌన్లు కాస్తా 500 అయింది, తర్వాత 2,500 దాకా పోయింది.

అక్కడితో అయిపోలేదు. లాగేకొద్దీ తీగ బిరుసెక్కి పుటుక్కున తెగుతుంది. మధ్యమధ్య కాల్చి మెత్తబరచాలి. కాక ఎంత, చల్లార్చడం ఎలా అన్నది కొలిమి నేర్పిన విద్య. ఆ విద్యతోనే 1850లో పియానోకి పనికొచ్చే ఉక్కుతీగ తీశాడు. అంతవరకూ అదీ ఇంగ్లండుదే పెత్తనం. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, టెలిగ్రాఫు తీగ మొదలు ఆడవాళ్ల గౌన్లు గుండ్రంగా నిలబెట్టే తీగ వరకూ అన్నీ అతని మిల్లుకే వచ్చాయి. అల్లుడు ఫిలిప్ మోయెన్‌తో కలిసి నడిపిన ఆ కంపెనీ తర్వాతి కాలంలో ముళ్లతీగకు పేరుపొందింది.

విద్యార్థులమైన మనకు అసలు సంగతి ఇప్పుడొస్తుంది. 1865లో జాన్ బాయింటన్ అనే రేకుసామాన్ల వ్యాపారి లక్ష డాలర్లిచ్చి వూస్టర్‌లో సాంకేతిక కళాశాలకు పునాది వేశాడు. అక్కడ పాఠాలు సరే, చేతిపని మాటేమిటని వాష్‌బర్న్ పట్టుబట్టాడు. తన ఖర్చుతో వర్క్‌షాపు కట్టించాడు. అది బొమ్మ వర్క్‌షాపు కాదు. బజారులో అమ్మే సరుకు తయారుచేసే నిజమైన కర్మాగారం, అందులోనే విద్యార్థులకు శిక్షణ. 1868 నవంబరులో కళాశాల ప్రారంభమైంది. డిసెంబరు 30న వాష్‌బర్న్ కన్నుమూశాడు. ఆ భవనం ఇప్పటికీ వూస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో అతని పేరుతోనే ఉంది. కాన్సాస్‌లో అతను విరాళమిచ్చిన కళాశాల ఈనాటి వాష్‌బర్న్ విశ్వవిద్యాలయం.

చిన్నప్పుడు తనకు దక్కని చదువును డబ్బు పెట్టి మరొకరికి దక్కేలా చేశాడు. మనమో, వర్క్‌షాపు పీరియడు ఎప్పుడైపోతుందా అని గడియారం వంక చూస్తాం, రికార్డు పక్కవాడిది చూసి ఎక్కించుకుంటాం. ఆకురాయి పట్టడం అవమానం కాదనీ, చెయ్యి నేర్చినదాన్నే బుర్ర గట్టిగా పట్టుకుంటుందనీ ఈ కమ్మరి జీవితం చెబుతోంది. వచ్చే ఏడాది వర్క్‌షాపులో అడుగుపెట్టే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇది గుర్తుంచుకుంటే చాలు.