కీళ్ల మాత్ర వెనుక మన సుబ్బారావు

సిద్దిపేట: తెల్లవారి లేవగానే చేతివేళ్లు బిగుసుకుపోయి, పిడికిలి ముడవలేక అవస్థపడే రుమటాయిడ్‌ కీళ్లవాత రోగులకు వైద్యులు సాధారణంగా మొదట రాసే మందు మెథోట్రెక్సేట్‌. సిద్దిపేటలోనైనా, అమెరికాలోని బోస్టన్‌లోనైనా ఇదే మందు. దాని పుట్టుక వెనుక ఒక తెలుగువాడి కృషి ఉన్నదని ఆ మాత్ర మింగేవారిలో చాలామందికి తెలియదు. ఆయనే డాక్టర్‌ యల్లాప్రగడ సుబ్బారావు.

ఖద్దరు ధరించి.. పట్టా కోల్పోయి

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతుండగా గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించారు. అది శస్త్రచికిత్స ఆచార్యునికి ఆగ్రహం తెప్పించింది. ఫలితంగా ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్‌ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1921లో ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల వ్యాధికి రోజుల వ్యవధిలో బలయ్యారు. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపించింది.

1923లో బోస్టన్‌ చేరిన ఆయన ఆసుపత్రిలో రాత్రిపూట కూలి పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించారు. అయినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు.

మందూ ఆయనదే.. విరుగుడూ ఆయనదే

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్‌ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆపై దాని పనిని అడ్డుకొనే మందులను రూపొందించింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్‌. మొదట ఈ కోవ మందులు రక్త క్యాన్సర్‌ సోకిన పిల్లలకు వాడారు. 1951లో ఇదే కోవకు చెందిన అమినోప్టెరిన్‌ కీళ్లవాతంలోనూ పనిచేస్తుందని తేలింది. 1988లో అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి ఆమోదించింది. అప్పటికి సుబ్బారావు కన్నుమూసి నలభై ఏళ్లు.

ఈ వ్యాధిలో శరీర రక్షణ వ్యవస్థే కీలు లోపలి పొరపై దాడి చేస్తుంది. పొర వాచి, మృదులాస్థి అరిగి, చివరకు వేళ్లు వంకర తిరుగుతాయి. లోగడ వాచిన పొరను కోసి తీయడం, కీలును మార్చడం తప్ప శస్త్రవైద్యులకు మార్గాలు తక్కువ. మందు తొలిదశలోనే మొదలైతే చాలామందికి ఆ అవసరం తప్పుతోంది.

మానని గాయాలకూ ఆయన పర్యవేక్షణలోనే మరో మందు వచ్చింది. 1948లో వెల్లడైన ఆరియోమైసిన్‌, టెట్రాసైక్లిన్‌ కుటుంబంలో మొదటిది. పెన్సిలిన్‌కు లొంగని అనేక సూక్ష్మజీవులను ఇది అణచింది. ఈ కుటుంబపు మందులకు సజీవమైన ఎముకలో చేరే గుణం ఉంది. ప్రత్యేక కాంతిలో అది మెరుస్తుంది, చచ్చిన ఎముక మెరవదు. దవడ శస్త్రచికిత్సలో ఎంత ఎముక తొలగించాలో తెలుసుకొనేందుకు వైద్యులు ఈ గుణాన్ని ఉపయోగిస్తున్నారు.

వారానికి ఒక్కరోజే

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌ వారానికి ఒక్కరోజు మాత్రమే వాడాలి. పొరపాటున రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. చీటీపై ఏ వారమో రాయించుకోవడం, ఇంట్లోవారికి చెప్పి ఉంచడం మేలు. దుష్ఫలితాలు తగ్గించేందుకు వైద్యులు ఫోలిక్‌ ఆమ్లం మాత్ర కూడా ఇస్తారు. అదీ సుబ్బారావు బృందం తయారుచేసినదే. మద్యం మానాలి, రక్తపరీక్షలు క్రమం తప్పరాదు, గర్భిణులు వాడరాదు. వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదలకు మామూలుగా వాడే మందు ఇది కాదు. పక్కింటివారి చీటీ చూసి కొనడం ప్రమాదకరం.

సుబ్బారావు 1948 ఆగస్టులో 53వ ఏట న్యూయార్క్‌ రాష్ట్రంలో మరణించారు. నోబెల్‌ రాలేదు. శతజయంతి వేళ 1995లో తపాలా శాఖ ఆయన పేర బిళ్ల విడుదల చేసింది. సిద్దిపేటలో 2018లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థులు ఏటీపీ పాఠం చదివిన ప్రతిసారీ ఆయన కృషినే చదువుతున్నారు. పాఠంతోపాటు ఆ పేరు కూడా వారికి గుర్తుండాలి.