జాజ్ రికార్డుల షౌఖీన్ నసూహీ ఎర్తెగున్

నసూహ్ అనే అరబీ మాటకు నిష్కల్మషమైనది అని అర్థం. ఖుర్‌ఆన్‌లో తౌబాకు విశేషణంగా వచ్చిన మాట అది. 1917 నవంబరు 26న ఇస్తాంబుల్‌లో పుట్టిన తమ మొదటి కుమారునికి మునీర్ బే దంపతులు నసూహీ అని పేరు పెట్టుకున్నారు. ఆ బాబు పెద్దవాడై అమెరికా నల్లజాతివారి సంగీతమైన జాజ్‌కు సేవకుడవుతాడని ఆనాడు ఆ ఇంట్లో ఎవరూ ఊహించి ఉండరు.

తండ్రి మునీర్ న్యాయశాస్త్రం చదివిన దౌత్యవేత్త. ఉస్మానియా సల్తనత్ కూలిపోయాక లోజాన్‌లో సంధి చర్చలు జరిగినప్పుడు తుర్కీ బృందానికి న్యాయ సలహాదారుగా ఉన్నారు. ఆ తరువాత స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, బ్రిటన్ దేశాలలో రాయబారిగా పనిచేశారు. 1934లో తుర్కీలో ఇంటిపేర్ల చట్టం వచ్చినప్పుడు ఎర్తెగున్ అనే ఇంటిపేరు తీసుకున్నారు. తల్లి ఖైరున్నిసా ఖానమ్‌కు సంగీతమంటే ప్రాణం. మార్కెట్లోకి కొత్తగా వచ్చిన గ్రామఫోను రికార్డులు ఆ ఇంటికి చేరుతుండేవి. పిల్లల షౌఖ్‌కు మొదటి పాఠశాల అమ్మ గదే అనుకోవాలి.

1933 వేసవిలో డ్యూక్ ఎల్లింగ్‌టన్ తన బృందంతో తొలిసారి ఇంగ్లండు వచ్చి లండన్ పలేడియంలో వాయించారు. పదిహేనేళ్ల నసూహీ తన తమ్ముడు అహ్మద్‌ను వెంటబెట్టుకుని వెళ్లారు. అహ్మద్‌కు అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు. రికార్డులో సన్నగా, గరగరలతో వినబడే సంగీతం ఆ రోజు నిలువెత్తు మనుషుల చేతుల్లోంచి ఉప్పెనలా వచ్చింది. అన్నదమ్ములిద్దరూ ఇక కోలుకోలేదు.

తరువాత నసూహీ చదువు పారిస్‌లో సాగింది. ఆ రోజుల్లో జాజ్ రికార్డుల మీద ఆలిమ్‌ల మాదిరి బహస్ జరిగిన నగరం పారిసే. 1932లో అక్కడ హాట్ క్లబ్ పుట్టింది. 1936లో షార్ల్ దెలోనే అనే యువకుడు జాజ్ రికార్డుల జాబితాను పుస్తకంగా వేశారు. ఇందులో ఏముంది అని పాఠకులు అడగవచ్చు. ఆ కాలపు రికార్డు మీద బృందం పేరు, పాట పేరు ఉండేవి, అంతే. బూరా ఊదినది ఎవరు, పియానో వాయించినది ఎవరు, ఏ తేదీన, ఏ ఊళ్లో? ఏదీ ఉండదు. మైనం మీద చెక్కిన నంబరు చూసి, పాత కళాకారులను అడిగి, ఒకే పాటకు రెండు రికార్డులు పక్కపక్కన పెట్టి విని తేల్చుకోవాలి. హదీసు విద్యలో ఉల్లేఖకుల గొలుసును పరిశీలించే శ్రమ మా వంటివారికి తెలుసు. విషయాలు రెండూ ఒకే గౌరవం గలవని మేము అనడం లేదు. కాని ఎవరు చెప్పారో తేల్చుకోనిదే మాటను ఒప్పుకోరాదనే పట్టుదల ఈ రికార్డులవారిలోనూ ఉండేది.

వాషింగ్టన్‌లో తండ్రి రాయబారిగా ఉన్న కాలంలోనే అన్నదమ్ముల సేకరణ పెరిగింది. నల్లజాతివారి కోసం కంపెనీలు విడిగా వేసిన రికార్డులు తెల్లవారి దుకాణాల్లో దొరికేవి కావు. 1930లలో వ్యాపారం కుప్పకూలి చాలా కంపెనీలు మూతబడ్డాయి. ఆ రికార్డులు నల్లవారి బస్తీల్లో, ఇళ్లలో, పాత సామాన్ల కొట్లలో మిగిలాయి. రాయబారి కుమారులు ఆ బస్తీలకు వెళ్లి, తలుపులు తట్టి, కొద్దిపాటి సెంట్లిచ్చి కొనుక్కునేవారు. అలా పోగైనవి పదిహేను వేలకు పైనే.

ఇక్కడ మన దేశపు సంగతి ఒకటి చెప్పాలి. నిమిషానికి 78 సార్లు తిరిగే ఆ పాత రికార్డులలో ముఖ్యమైన దినుసు లక్క. మన లాడ్ బజారులో గాజులు చేసే లక్కే. ప్రపంచానికి కావలసిన లక్కలో అధిక భాగం హిందుస్తాన్ అడవుల నుంచే వెళ్లేది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఓడల రాకపోకలు కష్టమయ్యేసరికి 1942లో అమెరికా ప్రభుత్వం లక్క వాడకం మీద ఆంక్షలు పెట్టింది. కొత్త రికార్డు కావాలంటే పాతది తెచ్చి ఇవ్వమన్నారు. పాతవి నూరి కొత్తవి పోసేవారు. ఎన్ని అరుదైన వాయిద్యాలు ఆ పిండిలో కలిసిపోయాయో అల్లాహ్‌కే తెలియాలి. అలాంటి రోజుల్లో ఒక పళ్లెం అటక మీద భద్రంగా ఉందంటే అది సేకర్తల పుణ్యమే.

నసూహీకి వినడంతో తృప్తి లేదు. ఆ వాయించినవారు ఎక్కడున్నారు, ఎలా ఉన్నారు? అప్పటి వాషింగ్టన్‌లో నల్లవారు తెల్లవారి హోటల్లో కూర్చోలేరు, వారి నాటకశాలలో అడుగు పెట్టలేరు. హవర్డ్ థియేటర్‌లో వాయించడానికి ఊరికి వచ్చిన కళాకారులను అన్నదమ్ములు ఆదివారం భోజనానికి రాయబారి భవనానికి పిలిచేవారు. తిన్న తరువాత వాయిద్యాలు బయటికి వచ్చేవి. నల్లవారు ముందు తలుపు గుండా వెళ్లడం చూసి దక్షిణాది సెనేటర్ ఒకరు మునీర్ సాహెబ్‌కు అభ్యంతరం తెలుపుతూ రాశారట. మా మిత్రులు ముందు తలుపు నుంచే వస్తారు, తమరు వచ్చేట్టయితే వెనుక తలుపు తెరిపిస్తామనే అర్థంలో జవాబు వెళ్లిందని అహ్మద్ తరువాతి కాలంలో చెప్పేవారు. మెహమాన్ నవాజీ అంటే అదీ.

1942లో నల్లవారు, తెల్లవారు కలిసి వాయించే కచేరీ, కలిసి కూర్చుని వినే కచేరీ పెట్టాలని సోదరులు తలపెట్టారు. హాలు దొరకలేదు. చివరికి యూదుల సమాజ కేంద్రం వారు తమ హాలు ఇచ్చారు. ముస్లిం రాయబారి కుమారులు, యూదుల హాలు, క్రైస్తవ కళాకారులు! ఈ కచేరీ సంగతి చదివినప్పుడల్లా మాకు అదే తోస్తుంది.

1944 నవంబరు 11న మునీర్ ఎర్తెగున్ వాషింగ్టన్‌లో కన్నుమూశారు. అంత పెద్ద రాజధానిలో ఆయన జనాజా నమాజు చేయడానికి ఒక్క మసీదు లేదు. ఆ లోటు చూసి ముస్లిం దేశాల రాయబారులు, అక్కడి ముస్లిం పెద్దలు కలిసి చేసిన సంకల్పమే నేటి వాషింగ్టన్ ఇస్లామిక్ సెంటర్. 1949లో పునాది పడింది, 1957లో ప్రారంభమైంది. తుర్కీ నుంచి పింగాణీ పలకలు, ఈజిప్టు నుంచి షాండ్లియరు, ఇరాన్ నుంచి తివాచీలు వచ్చాయి. మునీర్ భౌతికకాయాన్ని అమెరికా యుద్ధనౌక మిసోరీ 1946 ఏప్రిల్‌లో ఇస్తాంబుల్‌కు చేర్చింది.

తల్లి, చెల్లెలు స్వదేశం వెళ్లిపోయారు. రాయబారి భవనం పోయింది, రికార్డులూ అమ్ముడుపోయాయి. ఏళ్ల తరబడి ఒక్కొక్కటే కూర్చినవాడికి అది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. అయితే అప్పటికే నసూహీ లాస్ ఏంజెలెస్‌లో వేరే పనిలో పడ్డారు. న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చిన కిడ్ ఓరీ ఒకప్పుడు గొప్ప ట్రాంబోన్ వాద్యకారుడు. గిరాకీ లేక వాయిద్యం పక్కన పెట్టి కోళ్ల ఫారంలో పనిచేసిన మనిషి. ఆయన మళ్లీ వాయించడం మొదలుపెట్టగానే 1944లో ఆయన కోసమే నసూహీ ఒక కంపెనీ పెట్టారు. దాని పేరు క్రెసెంట్, అంటే నెలవంక. న్యూ ఆర్లియన్స్‌కు నెలవంక నగరమని పేరుంది. తుర్కీ జెండా మీద ఉన్నదీ నెలవంకే. పాత రికార్డులు వెదికేవాడు పాత కళాకారునితో కొత్త రికార్డు చేయించడం ఆయన జీవితంలో అసలు మలుపు అని మా ఉద్దేశం.

జాజ్ మాన్ అనే రికార్డుల దుకాణం నడిపే మారిలీ మోర్డన్‌ను పెళ్లాడి ఆ దుకాణంలో పనిచేశారు. సేకర్తల పత్రికలో రాశారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ శాఖలో జాజ్ చరిత్ర బోధించారు. అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయాలలో పట్టా కోసం లెక్కలోకి వచ్చే తొలి జాజ్ పాఠం అదేనంటారు.

తమ్ముడు అహ్మద్ 1947లో న్యూయార్కులో అట్లాంటిక్ రికార్డ్స్ పెట్టారు. 1955లో నసూహీ అందులో చేరి జాజ్ విభాగం చేపట్టారు. మోడర్న్ జాజ్ క్వార్టెట్, చార్లెస్ మింగస్, ఆర్నెట్ కోల్మన్, జాన్ కోల్ట్రేన్, అందరూ ఆయన పర్యవేక్షణలో వాయించారు. కోల్ట్రేన్ 1960లో వెలువరించిన జెయింట్ స్టెప్స్‌లో నైమా అనే రచన ఉంది. నైమా ఇస్లాం స్వీకరించిన ఆయన భార్య పేరు. ఆ రికార్డుల అట్ట వెనుక చూస్తే వాద్యకారుల పేర్లు అచ్చువేసి ఉంటాయి. కుర్రతనంలో ఆ వివరాల కోసం తడుముకున్నవాడు తన వంతు వచ్చినప్పుడు మరచిపోలేదు.

సంగీతం విషయంలో మన ఉలమాలో భేదాభిప్రాయాలున్నాయి, అవి ఇక్కడ తేలేవి కావు. తక్కిన వ్యాపార విజయాలు త్వరగానే చెప్పేయవచ్చు. 1967లో అట్లాంటిక్‌ను వార్నర్ సంస్థకు అమ్మారు. 1971లో ఆ సంస్థ విదేశీ శాఖను నసూహీయే నిలబెట్టారు. అన్నదమ్ములకు ఫుట్‌బాల్ పిచ్చి కూడా ఉండడంతో న్యూయార్క్ కాస్మోస్ జట్టు పుట్టింది, 1975లో పెలే వచ్చి అందులో ఆడారు. ఒక దెబ్బ కూడా తగిలింది. 1978 ఫిబ్రవరిలో న్యూజెర్సీ లాంగ్ బ్రాంచ్‌లో ఉన్న అట్లాంటిక్ గోదాము కాలిపోయింది. కోల్ట్రేన్, ఆర్నెట్ వంటివారు వాయించి విడుదల కాకుండా దాచిన టేపులు వేలల్లో బూడిదయ్యాయి. యుద్ధకాలంలో లక్క పిండి కాకుండా తప్పించుకున్నవి ఎన్నో ఉన్నాయి గాని, ఈ టేపులకు రెండవ ప్రతి లేదు.

1989 జూలై 15న న్యూయార్కులో నసూహీ మరణించారు. వయసు 71. ఉస్కుదార్‌లోని సుల్తాన్‌తెపె గుట్టమీద ఉజ్బెకుల తెక్కె అనే పాత ఖాన్‌ఖాహ్ ఉంది, మధ్య ఆసియా నుంచి హజ్‌కు వెళ్లే దర్వేషులు ఒకప్పుడు దిగిన చోటు అది. దాని ఖబ్రస్తాన్‌లో తండ్రి పక్కన ఆయనను ఖననం చేశారు. 2006లో తమ్ముడు అహ్మద్ కూడా అక్కడికే చేరారు.