నర్సింగ్ శిక్షణకు దారి వేసిన దుర్గాబాయి దేశ్‌ముఖ్

మధ్యలో చదువు ఆగిపోయిన స్త్రీ తిరిగి పుస్తకం పట్టాలనుకున్నప్పుడు ముందుగా ఎదురయ్యే ప్రశ్న, ఎన్నేళ్లు పడుతుందన్నది. శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఈ ప్రశ్నను తొలుత తన విషయంలోనే ఎదుర్కొన్నారు.

1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించిన ఆమెకు ఎనిమిదవ ఏటనే వివాహం జరిపించారు. యుక్తవయస్సు వచ్చిన తరువాత ఆ బంధం నుండి ఆమె వైదొలిగారు. ఆంగ్ల మాధ్యమాన్ని నిరసిస్తూ పన్నెండేళ్ల ప్రాయంలో బడి విడిచి, అనంతరం రాజమండ్రిలోనే బాలికలకు హిందీ పాఠశాల నెలకొల్పారు. 1930 ఉప్పు సత్యాగ్రహం మొదలు 1933 వరకు పలుమార్లు కారాగారవాసం అనుభవించారు. చట్టం తెలియక, తమ తరఫున మాట్లాడే దిక్కులేక శిక్షలు అనుభవిస్తున్న స్త్రీలను జైలులో చూసిన పిదప న్యాయశాస్త్రం చదవాలన్న సంకల్పం ఆమెకు కలిగింది.

విడుదలయ్యేనాటికి మెట్రిక్యులేషన్ కూడా పూర్తికాలేదు. ఆనాటి లెక్కన ఇంటర్మీడియట్‌కు రెండేళ్లు, ఆనర్సుకు మూడేళ్లు, న్యాయశాస్త్రానికి రెండేళ్లు పట్టేవి. అంతకు ముందు మెట్రిక్ గట్టెక్కాలి. బడిలో తరగతి వెంట తరగతి చదివే వ్యవధి లేనందున బెనారసు మెట్రిక్యులేషన్‌ పరీక్షకు స్వయంగా సిద్ధమై ఉత్తీర్ణులయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం ఆనర్సు, అనంతరం మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొందారు. అప్పటికి ఆమె వయస్సు ముప్పై దాటింది.

తాను దాటిన మెట్టు వద్దనే ఇతర స్త్రీలు ఆగిపోతున్నారని ఆమె గ్రహించారు. 1937లో మద్రాసులో ఆరంభించిన ఆంధ్ర మహిళా సభ తెలుగు బాలికలను అదే బెనారసు పరీక్షకు తయారుచేసింది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో నర్సుల కొరత దారుణంగా ఉండేది. 43 వేల మంది జనాభాకు ఒక్క నర్సు మాత్రమే ఉన్నట్లు 1946లో భోర్ కమిటీ తేల్చింది. అదే ఏడాది ఢిల్లీ, వేలూరులలో నర్సింగ్ డిగ్రీ కోర్సు ప్రారంభమైంది. అయితే కళాశాలలు తెరిచినంత మాత్రాన సరిపోదు, చేరడానికి అర్హత గలవారు కావాలి. అప్పట్లో సహాయక నర్సు శిక్షణకు సైతం మాధ్యమిక విద్య అవసరమయ్యేది. పెద్ద కోర్సులకు మెట్రిక్ తప్పనిసరిగా ఉండేది. చిన్ననాటనే పెళ్లయి, భర్తను కోల్పోయి, నాలుగైదు తరగతులతో ఆగిన గ్రామీణ స్త్రీకి ఆ ద్వారం మూసి ఉన్నట్లే. పిల్లలను పోషించుకుంటూ పదేళ్లు చదవడం ఎవరి తరం?

1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి దుర్గాబాయి తొలి అధ్యక్షురాలు. ఆ మండలి 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులను ప్రవేశపెట్టింది. కొంత చదువు ఉన్న స్త్రీలను సుమారు రెండేళ్లలో మాధ్యమిక లేదా మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేసి, ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, మంత్రసానులుగా, గ్రామసేవికలుగా శిక్షణ పొందేందుకు అర్హులను చేయడం దీని ఉద్దేశం. రెండేళ్లు ఈ చదువు, మరి రెండేళ్లు సహాయక నర్సు శిక్షణ. వెరసి నాలుగేళ్లలో జీతం చేతికందేది. ఒంటరి తల్లి ముందుగా లెక్క వేసుకొని ధైర్యం చేయగల వ్యవధి ఇది. అందరికీ రెండేళ్లు చాలేవని చెప్పలేము. గణితం, ఆంగ్లం కొత్తగా మొదలుపెట్టేవారికి భారమే. అయినా ఇంత తక్కువ కాలంలో తిరిగి చదువుబాట పట్టే అవకాశం అటువంటి స్త్రీలకు అప్పట్లో అరుదు.

రాజ్యాంగ నిర్ణాయక సభ సభ్యురాలిగా, ప్రణాళికా సంఘ సభ్యురాలిగా, జాతీయ మహిళా విద్యా మండలి ప్రథమ అధ్యక్షురాలిగా ఆమె సేవలు సుప్రసిద్ధాలు. 1953లో ఆర్థిక మంత్రి శ్రీ సి.డి. దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. 1975లో పద్మవిభూషణ్ పురస్కారం లభించింది. మద్రాసులోనూ, హైదరాబాదులోనూ మహిళా సభ ఆసుపత్రులు వెలిశాయి. శ్రీమతి దుర్గాబాయి 1981 మే 9న కన్నుమూశారు. ఆసుపత్రులకు ఆమె పేరే పెట్టారు.